సన్యాసిరావు గారి గొంతు

మాది వన్ టౌన్‌లో చేపల వేట మీద బతికే కుటుంబం. సముద్రం మీద ఎవరో పేరు పెట్టి పిలిచారని, తిరిగి చూస్తే ఎవరూ లేరని చెప్పేవాళ్ళు మా ఇంట్లోనే ఉన్నారు. నేను నవ్వేవాడిని. గాలికి తాడు మోగినా పిలుపులాగే ఉంటుందని వాదించేవాడిని. దెయ్యాల మీద నాకు అప్పుడూ నమ్మకం లేదు, ఇప్పుడూ లేదు. అందుకే ఈ సంగతి రాయడానికి ఇన్నాళ్ళు వెనకాడాను.

ఫిషింగ్ హార్బర్‌లో చేపల వేలం పాడేవాడిని. బోట్లు రాగానే కుప్పల మధ్య నిలబడి రేటు అరవడం నా పని. గొంతు బొంగురుపోతే అరుపుల వల్లే అనుకున్నాను. పాలల్లో మిరియాలు వేసుకుని తాగాను. తగ్గలేదు. మింగుతుంటే చెవిలోకి పోటు వచ్చేది. చివరికి మా బావ ఎల్లాజీ బలవంతం చేసి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు. ముక్క తీసి పరీక్షకి పంపారు. క్యాన్సర్ అన్నారు.

స్వరపేటిక మొత్తం తీసెయ్యాలని డాక్టరు చెప్పారు. మెడ ముందు ఒక కన్నం పెడతారట. ఇక ఊపిరి దాంట్లోంచే. ముక్కుతో పీల్చడం ఉండదు, నోటితో మాట్లాడడం ఉండదు. అలా చేస్తే బతుకుతావు, లేకపోతే కష్టం అన్నారు.

నేను ఒప్పుకోలేదు. నా భార్య ఏడ్చింది. ఎల్లాజీ తిట్టాడు. గొంతు లేకుండా బతికి ఏం చెయ్యాలో నాకు తెలియలేదు. ఇంట్లో ఎవరితోనూ మాట్లాడకుండా గోడవైపు తిరిగి పడుకునేవాడిని. మాట్లాడడానికి గొంతు ఇంకా ఉన్న రోజులవి. ఆ సంగతి తర్వాత ఎన్నోసార్లు తలుచుకున్నాను.

ఆఖరిసారి అడుగుదామని డాక్టరు మళ్ళీ రమ్మన్నారు. పొద్దున్నే వెళ్ళాం. వరండాలో బెంచీ మీద నేను, నా ఎడమ పక్కన ఎల్లాజీ. బెంచీలన్నీ దాదాపు నిండిపోయాయి. నేను తల వంచుకుని నేలకేసి చూస్తున్నాను. కుడి పక్కన ఎవరో వచ్చి కూర్చున్నారు. ఒక్కసారి చూశాను. అరవై దాటిన మనిషి, తెల్ల చొక్కా, మెడ చుట్టూ తువ్వాలు. మళ్ళీ తల దించేసుకున్నాను. ఆయన నా చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకున్నాడు.

అప్పుడు విన్నాను.

"సూడు తమ్ముడూ, నాకూ ఇదే సేసినారు. గొంతు పోద్ది. మనిసి మిగుల్తాడు."

కొంచెం బరువైన గొంతు. మాట చివర సాగదీస్తున్నాడు. మధ్యలో చిన్నగా దగ్గి, నవ్వినట్టు చెప్పాడు.

"ఇంటికొచ్చిన మొదటి రోజు తానానికెల్లి తువ్వాలు మరిసిపోనాను. ఎప్పట్లాగే మా ఆడదాన్ని వరలచ్చీ అని కేకేద్దామని నోరు తెరిసినాను. గాలొచ్చింది. బకెట్టు బోర్లేసి దాని మీద కూకోని ఏడిసినాను. ఆ ఏడుపూ వినబడనేదు. ఆ రోజొక్కటే తమ్ముడూ అంత కట్టం. తరవాత అలవాటైపోద్ది."

నేను తలూపాను. చాలాసార్లు ఊపాననుకుంటాను. ఇంతలో నా పేరు పిలిచారు. లోపలికి వెళ్ళి, చేయించుకుంటానని డాక్టరుకి చెప్పేశాను. బయటికి వచ్చేసరికి ఆయన లేడు.

గొంతు పోయిందని చెప్పిన మనిషి మాట్లాడాడేమిటి అన్న ఆలోచన ఆ రోజు నాకు రానే లేదు. ఎందుకు రాలేదో తెలియదు.

ఆపరేషన్ అయింది. ముక్కులో గొట్టం, మెడలో కన్నం. మాట్లాడాలంటే పిల్లల పలక మీద సుద్దతో రాయడమే. ఒక మధ్యాహ్నం నర్సమ్మ ఇద్దరిని వెంటబెట్టుకుని వచ్చింది. ఆయనే. పక్కన ఆయన భార్య. పేరు సన్యాసిరావు గారని, ఉండేది గాజువాక అని, ఇదే ఆపరేషన్ అయిన మనిషని చెప్పింది. కొత్తగా జబ్బు తెలిసినవాళ్ళ దగ్గరికి వచ్చి ధైర్యం చెప్తుంటారట. ఆ రోజు నా దగ్గరికి పంపింది కూడా తనేనట.

ఆయన తువ్వాలు తీసి మెడ చూపించారు. నాలాగే కన్నం. గొంతుకి బదులు మాట పలికించే టార్చిలైటంత మెషీను దవడ కింద ఆనించుకుని పెదాలు కదిపారు. ఎత్తుపల్లాలు లేని గరగర శబ్దం వచ్చింది. ఎలా ఉన్నావని అడుగుతున్నారని కాసేపటికి అర్థమైంది.

పలక మీద రాశాను. "ఆ రోజు మీ మాటలు వినే ఒప్పుకున్నాను."

ఆయన చదివి భార్యవైపు చూశారు. మెషీను మళ్ళీ ఆనించుకున్నారు. "నాను... మాట్లాడనేదు. ఆ రోజు దీని సార్జింగు... అయిపోయింది. ఊరికే... కూకున్నాను."

నేను చెరిపి, తువ్వాలు సంగతి, బకెట్టు సంగతి రాశాను. ఈసారి పలక ఆయన భార్య అందుకుంది. చదివి అక్కడే స్టూలు మీద కూర్చుండిపోయింది.

"ఇది మా ఇద్దరికే తెలుసు బాబూ. మీకెవరు చెప్పారు?"

ఆయనవైపు వేలు చూపించాను. ఆవిడ పలక నా చేతికి తిరిగి ఇచ్చింది. తర్వాత మెల్లగా అడిగింది. "ఎలా ఉంది ఆ గొంతు?"

బరువుగా ఉందని, మాట చివర సాగుతుందని, నవ్వే ముందు చిన్న దగ్గు అని రాశాను. ఆవిడ పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. సన్యాసిరావు గారు కిటికీవైపు తిరిగి నిలబడ్డారు.

ఆ రోజు ఆయన మాటలు నువ్వూ విన్నావా అని ఆ సాయంత్రం ఎల్లాజీని పలక మీద అడిగాను. "ఆయనేటీ మాట్లాడనేదు బావా. నీ సెయ్యట్టుకున్నాడు, అంతే. నువ్వే తలూపుకుంటన్నావు. ఏడుత్తన్నావేమో అనుకున్నాను," అన్నాడు. డాక్టరుకి కూడా రాసి చూపించాను. భయంలో మనసు అలాంటివి కల్పిస్తుందన్నారు. అయి ఉండొచ్చు. బకెట్టు బోర్లేసుకున్న సంగతి నా మనసు ఎలా కల్పించిందో ఆయన చెప్పలేదు.

తర్వాత నేను, సన్యాసిరావు గారు కొత్తగా జబ్బు తెలిసిన చాలామంది దగ్గరికి కలిసి వెళ్ళాం. కన్నం శుభ్రం చేసుకోవడం, నీళ్ళు పోసుకునేటప్పుడు మెడ కాపాడుకోవడం, మెషీను పెట్టుకుని మాట్లాడడం ఆయనే నేర్పారు. ఆ గొంతు మళ్ళీ ఎప్పుడూ వినపడలేదు. వానలు మొదలయ్యాక ఆయనకి జబ్బు ఊపిరితిత్తుల్లోకి పాకింది. చివరి రోజుల్లో నేను పక్కన కూర్చుని ఆయన చెయ్యి పట్టుకునేవాడిని. ఎంత చెవి పెట్టినా ఊపిరి శబ్దమే.

పెద్దకర్మ రోజు భోజనాలయ్యాక ఆయన భార్య వరలక్ష్మి నన్ను పెరటివైపు పిలిచింది. ఆయన మాట ఏ ఫోన్లోనూ మిగల్లేదట. ఇంట్లో జరిగిన పెళ్ళి వీడియోలో కూడా పాటలే ఉన్నాయట.

"ఆ గొంతు మీకింకా గుర్తుందా?" అంది.

ఉందన్నట్టు తలూపాను. ఇప్పటికీ ఉంది.

"ఒక్కసారి... ఆయన నా పేరు ఎలా అన్నారో..."

అంటూనే నాకూ గొంతు లేదని ఆవిడకి గుర్తొచ్చింది. అయినా నేను నోరు తెరిచాను. పెదాలు కదిపాను. మెడలోంచి గాలి వచ్చింది. నా మెషీను జేబులోనే ఉంది, కానీ దాంతో ఆ పేరు అనడానికి నాకు మనసు రాలేదు.

ఆవిడ చాలాసేపు నా నోటివైపే చూసింది.

"పోన్లెండి బాబూ. మీకైనా వినపడింది."

ఎలా వినపడిందో నాకు ఈ రోజుకీ తెలియదు.