నలభైతొమ్మిది రోజులు గూట్లో ఉన్న చెట్టు

ఓమియా పట్టణంలో మా వీధి చివరి ఇంట్లో షిజునో నలభైయొక్క సంవత్సరాలు కాపురం చేసింది. భర్త తోమెకిచి కుండీలలో మరుగుజ్జు వృక్షాలను పెంచేవాడు. అతిథిగదిలోని తొకొనోమాను, అనగా చిత్రపటమూ చెట్టూ నిలిపే గూటిని, తుడవడం, ఋతువుకు తగిన పటం వేలాడదీయడం ఆమె వంతు. చెట్టును లోపలికి తేవడం, మూడవ నాటి ఉదయం తిరిగి ఎండలోకి చేర్చడం అతని వంతు. ఆ మూడు రోజులు ఆమె ఎన్నడూ లెక్కించి ఎరుగదు.

శరదృతువు ఆరంభంలో ఒక ఉదయం అతడు ఎనభై ఏళ్ళ షింపాకును, అనగా ఏడాది పొడవునా పచ్చగా ఉండే చెట్టును, గూట్లో నిలిపాడు. ఆ మధ్యాహ్నమే పెరట్లో కూలి, మరి లేవలేదు. తన తరువాత ఆ చెట్టు మిత్రుడైన ఇవాసెకు చెందాలని అతడు ఏనాడో చెప్పి ఉంచాడు. నలభైతొమ్మిదవ నాటి కర్మ ముగిసిన పిదప ఇవాసె దానికోసం వచ్చాడు.

"బతికుండగా నన్ను దీని దగ్గరికి రానిచ్చాడా మహానుభావుడు? నా ఊపిరి తగిలితే కొమ్మ వంకరపోతుందనేవాడు."

"మీరు తాగి వచ్చేవారు కదా, అన్నయ్యా," అంది షిజునో.

అతడు నవ్వుతూ గూటి ముందు మోకరిల్లి, చాపపై చేతులాన్చి వంగాడు. ఆచారం ప్రకారం మొదట చెట్టు వేళ్ళను, తరువాత మానును, కడపట కొనను చూశాడు. నవ్వు ఆగిపోయింది. ఒక రెమ్మను వేళ్ళతో నలిపాడు. అది పొడిపొడిగా రాలింది.

"ఇది ఎప్పట్నుంచి ఇక్కడుంది, వదినా?"

"ఆయన పెట్టినప్పట్నుంచీ."

"బయట పెట్టలేదా?"

"తీసేది ఆయనే కదా. నేను రోజూ నీళ్ళు చిలకరిస్తూనే ఉన్నాను. పచ్చగానే ఉందిగా?"

"ఈ జాతి అంతే, వదినా. ఎండా గాలీ లేక ప్రాణం పోయినా, నెలల తరబడి పచ్చగానే కనిపిస్తుంది, ఆ తరువాతే ఆకు ఎర్రబడుతుంది. ఇది పోయి చాలా రోజులైంది."

షిజునో చెట్టు వైపు చూసింది. ఆమెకు ఏడుపు రాలేదు. కర్మనాడూ రాలేదు.

"ఆయనుంటే నన్ను తిట్టేవారు."

"నన్ను తిట్టేవాడు, ముందే రాలేదని. ఇచ్చిన మాట ఉంది, నేను తీసుకెళ్తాను."

"ఎర్రబడటానికి ఇంకా ఎన్నాళ్ళు పడుతుంది?"

"ఓ నెల పట్టొచ్చు."

"అయితే అప్పుడు రండి, అన్నయ్యా. టీ చల్లారిపోతోంది."

అతడు టీ తాగి ఖాళీ చేతులతో వెళ్ళాడు. మరునాటి ఉదయం ఆమె గూట్లో వేలాడుతున్న వెన్నెల పటాన్ని చుట్టి, పెట్టెలో ఉంచి, ఎగిరే బాతుల పటం వేలాడదీసింది. కుండీని కదల్చకుండా దాని చుట్టూ గూటిని తుడిచింది. నీళ్ళు మాత్రం చిలకరించలేదు.