బావ పట్టుకుని చూసిన వైరు

మా బావ బండ్లకు వైరింగ్ చేసేవాడు. పక్కనే నాది టైర్ల కొట్టు. ఆయన నోరు తెరిస్తే వైరు గేజి తప్ప మరో ఊసు ఉండేది కాదు. లైటుకి సన్నది చాలు, హారన్‌కి కాస్త లావు, బ్యాటరీ నుంచి బండి వెనక దాకా లాగాలంటే ఇంకా లావు. సన్న వైరులో ఎక్కువ కరెంటు పోతే వేడెక్కి, పైతొడుగు కరిగి, అంటుకుంటుంది. వచ్చినవాళ్లందరికీ ఇదే పాఠం. విని విని నా చెవులు తూట్లు పడ్డాయి.

పనయ్యాక ఆయనదో పద్ధతి. అన్నీ ఆన్ చేసి, వైరును గుప్పిట్లో బిగించి కళ్లు మూసుకునేవాడు. వేడి తగిలిందా, చేసిందంతా పీకేసేవాడు. చల్లగా ఉందన్నాడంటే ఇక ఆ బండికి తిరుగులేదు. స్కూలు బస్సులు కూడా ఆయన దగ్గరికే వచ్చేవి. షుగరొచ్చాక నడుస్తుంటే కాలి చెప్పు జారిపోయినా తెలిసేది కాదు. మేమంతా దాని మీద వేళాకోళమాడేవాళ్లం.

ఆయన తమ్ముడు వ్యానులో చేపలు తోలేవాడు. వెనక ఫ్రిజ్ పెట్టె బిగించుకుని వైరింగ్‌కి తెచ్చాడు. లావు వైరు అయిపోయింది.

"రేపొస్తుంది, ఆగరా," అన్నాడు బావ.

"సరుకు పాడైపోతుందన్నయ్యా. ఉన్నదే వేసి పట్టుకుని చూడు. నీ చెయ్యి ఒప్పుకుంటే చాలు."

బావ ఉన్నదే వేశాడు. ఫ్రిజ్ నడిపించి గుప్పిట బిగించాడు. నేను చూస్తూనే ఉన్నాను.

"చల్లగానే ఉంది. పోనీ," అన్నాడు.

దారిలో వ్యాను తగలబడింది. తమ్ముడు బయటికి రాలేకపోయాడు. సీటు కింద వైరు ఈ చివర నుంచి ఆ చివరకు మాడిపోయి ఉంది.

"నిజంగా పట్టుకుని చూశారా బావగారూ?" అని తమ్ముడి భార్య అడిగింది.

"చూశానమ్మా. చల్లగానే ఉంది."

ఆమె నమ్మలేదు. నాకైతే ఒళ్లు మండిపోయింది. వేడి తగిలినా తమ్ముడి తొందరకు లొంగిపోయి, ఇప్పుడు బొంకుతున్నాడనుకున్నాను. మొహం మీదే దులిపేశాను. తర్వాత అన్నం ముందు కూర్చున్నా ముద్ద దిగేది కాదు ఆయనకి.

మళ్లీ కొట్టు తెరిచిన రోజు అక్కనీ నన్నూ పిలిచాడు. అదే రకం వైరు ముక్కతో బ్యాటరీకి లారీ లైట్లన్నీ కలిపి, గుప్పిట బిగించి కూర్చున్నాడు.

"నువ్వూ పట్టుకో," అన్నాడు అక్కతో.

అక్క వేలు తగిలించి చటుక్కున వెనక్కి లాక్కుంది. "కాలిపోతోందండీ. వదలండి."

"నాకు చల్లగానే ఉందే."

నేను వైరు పీకేసి ఆయన గుప్పిట విప్పాను. అరచేతి తోలు వైరుకి అంటుకుని ఊడొచ్చింది. బావ ఆ చేతిని ఎవరిదో అన్నట్టు చూశాడు. ఆయన్ని అబద్ధాలకోరన్నది నేనే.

"మొన్న స్కూలు బస్సుకి కూడా చల్లగానే ఉందన్నానురా," అన్నాడు.

స్కూలు వదిలే వేళయింది. నేను రోడ్డు మీదకు పరిగెత్తాను.