పంటికి ఊదిన చావుపాట

న్యూ ఆర్లియన్స్‌లో, ట్రెమే పేటలో, ఒనెసీమ్ ఫోర్షే వారమంతా చుట్టలు చుట్టేవాడు, ఆదివారం కార్నెట్ బూర ఊదేవాడు. అతను ఊదితే నదికి అవతలి ఒడ్డున కోళ్లు గుడ్లు పెట్టడం మరిచిపోయేవట. కోళ్లను ఎవరూ అడగలేదనుకోండి. ఆ సంగీతానికి జాజ్ అన్న పేరు ఇంకా అతుక్కోని రోజులవి.

సాయంత్రం డ్యాన్సుకు జనాన్ని పిలవడానికి బ్యాండు మధ్యాహ్నమే గుర్రబ్బండెక్కి వీధులు తిరిగేది. ఇంకో బ్యాండు ఎదురైతే జనం రెండు బండ్ల చక్రాలనూ తాడుతో కలిపి కట్టేసేవారు. ముందు బూర దించినవాడు ఓడినట్టు. జనమంతా గెలిచినవాడి వెంటే.

ఒక ఆదివారం పొద్దున ఒనెసీమ్ తన భార్య క్లోతిల్డ్ చేసిన పాకం అచ్చు కొరికాడు. ముందుపన్ను అందులోనే ఉండిపోయింది. అది లేనిదే పైస్వరాలు పలకవు.

"ఇవాళ్టికి మానెయ్యరాదూ?" అంది క్లోతిల్డ్.

"మానేస్తే రేపట్నుంచి నా పేరు ఎవడు తలుస్తాడే? అంతా ఆ లుషియన్‌ గాడే!"

లుషియన్ అతని శిష్యుడే. కొత్తగా సొంత బ్యాండు పెట్టాడు. ఆ మధ్యాహ్నం సరిగ్గా వాడి బండే వీధి మలుపులో ఎదురైంది. తాడు బిగిసింది.

"మాస్టారూ, ఇంటికెళ్లి చుట్టలు చుట్టుకోండి!" అని లుషియన్ ఆకాశాన్నంటేలా ఒక స్వరం ఊదాడు.

ఒనెసీమ్ ఊదబోతే పన్ను సందులోంచి గాలి బుస్సుమంది. జనం గొల్లుమన్నారు. ఇరవై ఏళ్ల పేరు పెదవి దగ్గర జారిపోతోంది.

అతను కళ్లు మూసుకుని, శవయాత్రలో ఊదే పాటను మంద్రంగా అందుకున్నాడు. ఆ పేటలో పుట్టినవాడి చెయ్యి ఆ పాట వింటే దానంతటదే టోపీ మీదికి పోతుంది. జనం టోపీలు తీశారు. లుషియన్ కూడా బూర దించి, టోపీ తీసి తల వంచాడు.

"ఎవరు పోయారు మాస్టారూ?"

ఒనెసీమ్ జేబులోంచి పన్ను తీశాడు. "ఇదిగో, నలభై ఏళ్ల స్నేహం! బూర దించావు కదరా, ఇక తాడు విప్పించు."

పద్దెనిమిదేళ్ల తర్వాత ఒనెసీమ్ నిజంగానే పోయాడు. లుషియన్ శవపెట్టెలోకి తొంగిచూసేదాకా టోపీ తియ్యలేదు.

"ఈసారి నిజమేనా, మాస్టారూ?"

లుషియన్ ఆ చావుపాటే అందుకున్నాడు కానీ, సగానికి మించి ఊదలేకపోయాడు. మళ్లీ బూర ముందు దించింది అతనే.