కాళ్ళూ ఊపిరీ

డిపోలో ఆమెను అందరూ తూనీగ అనేవారు. కండక్టరు. కిక్కిరిసిన బస్సులో ముందు తలుపు దగ్గర టిక్కెట్టు కొట్టి, మనం తల తిప్పేలోగా వెనక తలుపు దగ్గర తేలేది. చిన్నప్పుడు బళ్ళో వంద మీటర్ల పందెంలో ఆమె ముందు ఎవరి వీపూ కనిపించేది కాదట. ఆ ధీమాతోనే డిపో ఆటల పోటీల్లో ఆడవాళ్ళ ఎనిమిది వందల మీటర్ల పరుగుకు పేరిచ్చింది. మైదానం చుట్టూ రెండు చుట్లు, అంతేగా అనుకుంది.

మొదటి చుట్టు రివ్వున తిరిగేసింది. డ్రైవర్లు ఈలలు వేశారు. రెండో చుట్టు సగానికొచ్చేసరికి కాళ్ళు రాళ్ళయిపోయాయి. ఒక్కొక్కరే ఆమెను దాటిపోయారు. అందరికంటే నింపాదిగా బయల్దేరిన వర్క్‌షాపు మెకానిక్కు కూడా, మొదట్నించీ చివరిదాకా ఒకే తీరున పరిగెత్తి, మూడోదిగా వచ్చింది. తూనీగ ఆఖర్న ఈడ్చుకుంటూ వచ్చి గడ్డి మీద కూలబడింది.

మెకానిక్కు నీళ్ళ సీసా అందించింది. "నీకు కాళ్ళున్నాయి పిల్లా, ఊపిరే లేదు."

"నీకు ఊపిరుంది సరే, కాళ్ళేవక్కా? చివర్లో ఇద్దరు నీ కళ్ళముందే ఎగిరిపోయారుగా!" ఓడినా నోరు ఊరుకోలేదు.

మెకానిక్కు పకపకా నవ్వింది. "అయితే నా ఊపిరి నువ్వు తీసుకో, నీ కాళ్ళు నాకివ్వు. రేపట్నించే."

మర్నాటి నుంచి డ్యూటీకి ముందు ఇద్దరూ బడి మైదానంలో కలిసేవారు. ముందు కాలవ గట్టు వెంబడి చాలాదూరం మెల్లగా పరుగు. మాట్లాడుతూనే పరిగెత్తాలి, మాట తడబడితే వేగం తగ్గించాలి. మాటలకేం కొదవ తూనీగకి! అత్తగారి మీది ఫిర్యాదులన్నీ మొదటి వారంలోనే అయిపోయి, ఇరుగుపొరుగుల మీద పడింది.

"ఈ నత్తనడకతో నాకున్న పరుగు కూడా పోతుందేమో అక్కా," అని ఒకరోజు దిగులుపడింది.

"పోదులే. ఊపిరి నిలిస్తేనేగా, ఉన్న పరుగు చివరిదాకా మిగిలేది!"

తిరిగొచ్చాక గురువు మారేది. మైదానానికి అడ్డంగా దౌడు, కాసేపు నడక, మళ్ళీ దౌడు. "మోకాళ్ళెత్తక్కా! పానా పట్టుకున్నట్టు ఆ పిడికిళ్ళేంటి? వదులు చెయ్యి!"

ఇంట్లో అత్తగారు ఆశ్చర్యపోయేది. "పొద్దున్నే నిన్నెవరు తరుముతున్నారే?"

"ఎవరూ తరమట్లేదత్తయ్యా, నేనే తరుముకుంటున్నా."

మరుసటి ఏడు పందెంలో తూనీగ మొదటి చుట్టంతా పళ్ళ బిగువున తమాయించుకుంది. పక్కనే మెకానిక్కు. చివరి మలుపులో ఇద్దరూ ముందున్నవాళ్ళను దాటేశారు. అప్పుడు మెకానిక్కు ఒక్కసారిగా దౌడు లంకించుకుంది. ఆమెలో అంత వేగం ఉందని, నేర్పిన తూనీగే ఊహించలేదు. కానీ చిత్రం, తనకు ఊపిరి ఇంకా మిగిలే ఉంది! ఉన్నదంతా కూడదీసుకుని దౌడు తీసి, గీత దగ్గర వెంట్రుకవాసిలో గెలిచింది.

"నా దగ్గర నేర్చుకుని నన్నే ఓడిస్తావటే!" మెకానిక్కు రొప్పుతూ వీపు మీద ఒక్కటేసింది.

"మరి నువ్వు? నా దగ్గర నేర్చుకుని నన్నే దాటబోలేదూ?"

అన్ని డిపోల పోటీలకు ఇద్దర్నీ పంపారు. అక్కడ వయసు పిల్లలు వీళ్ళను చిత్తుగా ఓడించారు. తిరుగు ప్రయాణంలో కిటికీ సీటు కోసం కాసేపు వాదులాడుకున్నారు. కొత్త కండక్టరు టిక్కెట్టడగడానికి వచ్చేసరికి, ఒకరి మీద ఒకరు వాలి, నోళ్ళు తెరుచుకుని నిద్రపోతున్నారు. లేపబుద్ధి కాక అతను తర్వాతి సీటుకు వెళ్ళిపోయాడు.