పన్నెండు దాటాక అరగంట

మొన్న చైత్రంలో ఒక మధ్యాహ్నం మండవల్లి దగ్గర చేపల చెరువు గట్టు మీద నిలబడి, చేపలు పట్టే నా పనివాళ్ళు వల లాగడం చూస్తున్నాను. ఉన్నట్టుండి గాలి ఆగిపోయింది. నీటి మీద అలలు చదునైపోయాయి. ఎక్కడో తడిసిన మట్టి వాసన, దాని వెనకే ఇనుము కాలినట్టు ఒక సన్నని వాసన వచ్చాయి. వల అక్కడే వదిలేసి అందర్నీ రోడ్డు పక్కనున్న డాబా గదిలోకి రమ్మన్నాను. చినుకైనా పడలేదు కదండీ అని చెరువు యజమాని విసుక్కున్నాడు. పడకముందే రావాలండి అన్నాను. పావుగంటకి కొల్లేరు వైపు ఆకాశం నిలువునా మెరిసింది. మా చెరువు మీద పిడుగేమీ పడలేదు. వాన వెలిశాక ఆయన నావైపు చూసిన చూపులో, సగం పట్టుబడి పాడుచేశానన్న కోపమే ఉంది. నేను మాత్రం శేషారత్నం గారిని తలచుకుంటున్నాను.

ఆవిడ తాడేపల్లిగూడెంలో మా కాలేజీలో బోటనీ చెప్పేవారు. ఏలూరు నుంచి రోజూ పాసింజరు బండిలో వచ్చి వెళ్ళేవారు. పురోహితుల ఇంటి ఆడపడుచు. పొట్టిగా, బక్కగా, నూలు చీరలో ఉండేవారు. మాట చాలా మెత్తన. విద్యార్థినులమైనా మమ్మల్ని ‘మీరు’ అనే పిలిచేవారు. నలభై దాటాక ఆవిడకి కొండలెక్కడం మీద ఇష్టం పుట్టిందట. ఏటా వేసవి సెలవుల్లో పదిమంది అమ్మాయిల్ని హిమాలయాలకి తీసుకెళ్ళేవారు. మాది ఉండి అనే ఊరి దగ్గర పల్లెటూరు. మా వైపు ఎత్తయిన చోటంటే కాలవగట్టే. ఎక్కడానికి కొండ లేక, మేడమ్ మా వీపులకి ఐదేసి కిలోల బియ్యం సంచులు కట్టించి, నెల రోజులపాటు కాలేజీ మేడమెట్లు ఎక్కించారు. అటెండరు చూసి నవ్వుకునేవాడు. ఆవిడ కూడా మాతోపాటే సంచి కట్టుకుని ఎక్కేవారు కాబట్టి మాకు సిగ్గనిపించేది కాదు.

ఆ మెట్ల మీదే మాకొక నియమం చెప్పారు. వైశాఖంలో ఆ కొండల మీద పొద్దున్న ఆకాశం కడిగిన అద్దంలా ఉంటుందట. ఎండకి లోయలో నీరంతా ఆవిరై లేచి, మధ్యాహ్నానికి మబ్బు కడుతుంది. వడగళ్ళు, పిడుగులు, ఒక్కోసారి మంచు కూడా. అందుకని తెల్లవారకముందే బయలుదేరాలి, పన్నెండయ్యేసరికి ఎక్కడున్నా వెనక్కి తిరగాలి. శిఖరం నాలుగడుగుల దూరంలో ఉన్నా సరే. మేమంతా తలూపాం. కింద మెట్ల మీద నిలబడి తలూపడం చాలా తేలిక.

హిమాలయాల్లో నడక మొదలుపెట్టిన నాలుగోరోజున పైనున్న గుట్ట ఎక్కాలి. ముందురోజే నా మడమ మీద బొబ్బలేచి పగిలింది. చెబితే డేరాలో ఉంచేస్తారని చెప్పలేదు. మేజోడు రక్తంతో అంటుకుపోయింది. తొమ్మిదింటికి మేడమ్ నా పక్కకి వచ్చి కాళ్ళెలా ఉన్నాయని అడిగారు. బాగానే ఉన్నాయండి అన్నాను. ఆవిడ నా మొహంలోకి ఒక క్షణం చూసి ముందుకెళ్ళిపోయారు. నా మూలాన అందరూ ఆగి ఆగి నడిచారు. పన్నెండు గంటలకి గుట్ట కొన, దాని మీద రెపరెపలాడుతున్న గుడ్డ జెండాలు కనిపిస్తూనే ఉన్నాయి. మేడమ్ గడియారం చూసుకుని, తిరుగుదామమ్మా అన్నారు. అమ్మాయిల మొహాలు వాడిపోయాయి. బతిమాలినవాళ్ళలో అందరికంటే గట్టిగా బతిమాలింది నేనే. వెనక్కి తిరిగితే అది నా వల్లేనని అందరికీ తెలిసిపోతుంది. మాతో వచ్చిన గైడు, ఆ కొండల్లోనే పుట్టిన పెద్దాయన, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. ఆకాశంలో ఒక్క మబ్బు తునకైనా లేదు. మేడమ్ మమ్మల్నందర్నీ చూసి, "అరగంటే" అన్నారు.

మబ్బు మా ఎదుట నుంచి రాలేదు, గుట్ట వెనక నుంచి వచ్చింది. మేం కొనకి చేరి ఫొటోలు తీసుకుంటుంటే వెలుతురు పసుపుపచ్చగా మారింది. తరవాత వడగళ్ళు, రేగుపళ్ళంతేసి. నా చేతికర్ర ఇనుప మొన తుమ్మెదలా రొద చెయ్యడం మొదలుపెట్టింది. అప్పుడే ఆ కాలిన వాసన. నా పక్కనున్న నాగమణి జడలోంచి వెంట్రుకలు ఒక్కొక్కటే పైకి లేచాయి. నాగమణిది కొల్లేటి ఒడ్డు ఊరు, హాస్టల్లో నా గదిలోనే ఉండేది. అది చూసి నేను నవ్వాను. అది పిడుగు పడబోయే గుర్తని నాకు తెలియలేదు.

"కర్రలు పారెయ్యండి. కిందికి, కిందికి" అంటూ మేడమ్ మమ్మల్ని కొన మీంచి వాలులోకి తోశారు. అక్కడొక పెద్ద బండ ఉంటే దాని కిందకి పరిగెత్తబోయాం. బండ మీంచి పిడుగు పాకుతుందని గైడు చేతులు చాపి అడ్డుపడ్డాడు. భయంతో అందరం ఒకర్నొకరు కరుచుకున్నాం. మేడమ్ మా చేతులు ఒక్కొక్కటే విడదీశారు. పదేసి బారల దూరంలో, వీపుసంచుల మీద, కాళ్ళు దగ్గరగా పెట్టి ముడుచుకు కూర్చోమన్నారు. నేను ఆవిడ మణికట్టు వదల్లేదు. ఆవిడ వంగి నా చెవిలో, ఎప్పుడూ వినని గొంతుతో, "వదులు. ఒకళ్ళకి తగిలితే లేపడానికి మిగతావాళ్ళుండాలి" అన్నారు. ఆవిడ నన్ను ‘నువ్వు’ అన్నది జీవితంలో ఆ ఒక్కసారే.

ఉరుముకీ ఉరుముకీ మధ్య ఆవిడ హాజరు పిలిచారు. క్లాసులో పిలిచినట్టే, అదే వరసలో. వడగళ్ళ చప్పుడులోంచి ఒక్కొక్క గొంతూ ఉన్నానండీ అంటోంది. ఆ గొంతుల కోసం చెవులు రిక్కించుకుని కూర్చున్నాం. రెండు విడతలు పదిమందీ పలికారు. మూడోసారి పిలుస్తుండగా లోకమంతా తెల్లబడింది. నేల నా సంచి కిందనుంచి తన్నినట్టయింది. మళ్ళీ పేర్లు మొదలయ్యాయి. నాగమణి అన్న పేరు తరవాత జవాబు రాలేదు. మేడమ్ ఇంకోసారి పిలిచారు. తరవాత ఆ మెరుపుల్లో లేచి నిలబడి పరిగెత్తారు.

నాగమణి పక్కకి ఒరిగిపోయి ఉంది. ఊపిరి లేదు. మేడమ్ ఆమె గుండె మీద రెండు చేతులూ పెట్టి అదమడం మొదలుపెట్టి, నన్ను అంకెలు లెక్కపెట్టమన్నారు. నేను ముప్ఫై దాకా అరిచేదాన్ని, ఆవిడ రెండుసార్లు నోటిలోకి ఊపిరి ఊదేవారు. మళ్ళీ ఒకటి నుంచి. ఎన్నిసార్లో నాకు గుర్తులేదు. గడ్డకట్టిన నా పెదవులు అంకెలు పలకడం మానేశాయి, ఆవిడ చేతులు మాత్రం ఆగలేదు. అప్పుడు నాగమణి గొంతులోంచి ఒక గురక లాంటి శబ్దం వచ్చింది. గైడు ఆమెని వీపున కట్టుకుని దిగాడు. మేడమ్ వెనకనుంచి ఆమె నడుం పట్టుకుని దిగారు. నాగమణి బతికింది. పాదం మీద కాలిన మచ్చ మిగిలింది. ఎడమ చెవి వినికిడి మాత్రం తిరిగి రాలేదు.

కాలేజీలో విచారణ జరిగింది. ప్రిన్సిపాల్ గారు మంచాయన. దైవఘటన అని రాసి ముగిద్దామన్నారు. నాగమణి నాన్నగారు తువ్వాలు నలుపుతూ కూర్చున్నారు. నన్ను సాక్షిగా పిలిచారు. ఎవరివల్లనైనా ఆలస్యమైందా అని ప్రిన్సిపాల్ గారు అడిగినప్పుడు నేను తల దించుకున్నాను. మేడమ్ నాకేసి చూడలేదు.

"దైవం పన్నెండింటికి ముందు నన్నేమీ అనలేదండి. తరవాత అరగంట నేనిచ్చింది. తప్పు నాది, అలాగే రాయండి" అన్నారు. అలాగే రాశారు. ఆ తరవాత ఆవిడ ఏ అమ్మాయినీ కొండకి తీసుకెళ్ళలేదు. కాలేజీవాళ్ళూ తీసుకెళ్ళనివ్వలేదు.

పది రోజులు నిద్రలేక, ఒక ఆదివారం ఏలూరులో వాళ్ళింటికి వెళ్ళి నా బొబ్బ సంగతి చెప్పేశాను. ఆవిడ కాఫీ గ్లాసు నా చేతికిచ్చి, ఎదురుగా కూర్చున్నారు.

"తెలుసమ్మా. మీరు కుంటడం తొమ్మిదింటికే చూశాను. బాగానే ఉందన్నారు, నమ్మాను. నమ్మితే ఆగక్కర్లేదు కదా, అందుకని."

నన్ను క్షమించారేమోనని ఆశగా చూశాను.

"నా తప్పు నేను చెప్పుకున్నాను. మీది నేను చెప్పలేను. అది వినాల్సింది నాగమణిగారు" అన్నారు. అంతే మెత్తగా.

మర్నాడే బస్సెక్కి నాగమణి వాళ్ళ ఊరు వెళ్ళాను. ఆమె అరుగు మీద కాలు చాపుకుని కూర్చుంది. పక్కన చేరి, మొహం చూడలేక నేలకేసి చూస్తూ మొత్తం చెప్పేశాను. చెప్పడం అయ్యాక తలెత్తి చూస్తే నన్నే అయోమయంగా చూస్తోంది.

"ఇటు రావే. అటువైపు నాకు వినపడదు" అంది.

లేచి కుడివైపుకి వెళ్ళి, మళ్ళీ మొదటినుంచి చెప్పాను. ఈసారి ఆమె కళ్ళలోకి చూస్తూ చెప్పాల్సివచ్చింది. నాగమణి విని, తన పాదం వంక చూసుకుని, "నేనూ బతిమాలానుగా" అంది. కాసేపయ్యాక ఏడ్చింది. ఆ రోజు నన్ను అన్నానికి ఉండమనలేదు. ఏడాది తరవాత తన పెళ్ళికి పిలిచింది.

మేడమ్ పోయి రెండేళ్ళయింది. నా కింద ఇప్పుడు పదహారుమంది పనిచేస్తున్నారు. ఒంట్లో ఎలా ఉందని అడిగితే ఎవరైనా బాగానే ఉందండి అంటారు. ఆ మాట నమ్మెయ్యాలని, నమ్మి పని సాగించాలని నాకెంత ఆశగా ఉంటుందో నాకు తెలుసు. అందుకే, సరేనని వాళ్ళని వెంటనే పంపను. నాలుగడుగులు నడవనిచ్చి, వాళ్ళ నడక చూస్తాను.