జానకో బియ్యపు గింజ

విమానాల వదిన ఇంతవరకు విమానంలో ప్రయాణం చెయ్యలేదంటే మా వీధిలోకి కొత్తగా వచ్చినవాళ్ళు నమ్మరు. రోజూ ఎక్కుతుంది, రోజూ దిగుతుంది. ఆవిడ ఎక్కినంతసేపూ మాత్రం విమానం అంగుళం కదలదు. పెద్ద షెడ్డులోకి లాక్కొచ్చి నిలబెట్టిన విమానాల కడుపులు కడగడం ఆవిడ పని. సీట్ల మెత్తలు ఊడదీసి ఉతుకుడుకు పంపేశాక మిగిలిన చట్రాల సందుల్లో జనం వదిలేసిన చెత్తంతా ఏరి, తుడిచి, మెరిపించాలి.

ఇంటికొచ్చాక అదే విమానాన్ని అట్టతో కడుతుంది.

ఇల్లంటే ఇస్త్రీ కొట్టు మీద ఒంటి గది. కింద పెట్టె వేడెక్కగానే తడిబట్టల ఆవిరి కిటికీలోంచి పైకొస్తుంది. దూలానికి దారాలతో వేలాడే విమానాలు ఆ ఆవిరిలో ఏదో గుర్తొచ్చినట్టు మెల్లగా అటూ ఇటూ తిరుగుతాయి. ఒళ్ళు మందుల పెట్టెల అట్టతో, ముక్కు సీసా అడుగుతో, కిటికీ అద్దాలు తన అత్తయ్య మోకాలికి తీసిన ఎక్స్‌రే ఫిల్ముతో చేసింది. "నా మోకాలు నేల మీద నడవనంది గానీ, చూడు, ఆకాశంలో ఎగురుతోంది" అని అత్తయ్య నవ్వుతుంది. లారీ నడిపే మొగుడు ఎప్పుడో ఒకసారి ఇల్లు చేరి, తల వంచుకుని వాటి కిందుగా మంచం దాకా వెళ్ళి, "ఈ ఇంట్లో నా ఒక్కడికే పార్కింగు లేదు" అంటాడు.

షెడ్డులోకి టేపు తేనివ్వరు. అందుకని కొలతలన్నీ చేతివే. తుడుస్తున్నట్టే తుడుస్తూ సీటుకి జాన వేస్తుంది, కిటికీకి జాన వేస్తుంది. ఇంట్లో జానకో బియ్యపు గింజ. గింజల్ని అట్ట మీద వరసగా పేర్చి, గీత గీసి, బ్లేడుతో కోస్తుంది. ఒక్కోసారి ఆవిడ పెదవులు కదులుతుంటే దణ్ణం పెట్టుకుంటోందేమో అనుకుంటాం. కాదు, గింజలు లెక్కపెట్టుకుంటోంది.

అత్తయ్య ఒకప్పుడు అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పెట్టెలు అంటించింది. చూపు పోయి చాలా కాలమైంది. జిగురు మాత్రం ఇప్పటికీ ఆవిడే చూడాలి. రెండు వేళ్ళ మధ్య రాసి, "ఇంకో పొంగు రానీ" అంటుంది. ఆవిడ ఈమధ్య ఒక కోరిక కోరింది.

"ఊరికే వేలాడదీస్తావెందుకే? ఈసారి దాంట్లో నన్ను కూర్చోబెట్టు. కిటికీ పక్కన."

అందుకని ఈసారి విమానం పెద్దది, పైకప్పు మూతలా తీసి పెట్టేది. అగ్గిపుల్లని నడుం దగ్గర విరిచి, పాత గుడ్డపీలిక చుట్టి, అత్తయ్యని చేసి కిటికీ పక్క సీట్లో కూర్చోబెట్టింది వదిన. ఇంకో పుల్లని విరవకుండా, చేతికి నూలుపోగంత తుడుపుగుడ్డ కట్టి నడవలో నిలబెట్టింది. అది తను.

అత్తయ్య వేళ్ళు తెరిచిన పైకప్పులోంచి లోపలికి దూరాయి. సీటు వెనక సీటు తడుముకుంటూ వెళ్ళి తనని తాను కనుక్కున్నాయి. తల మీద నుంచి కిటికీ దాకా పాకి ఆగిపోయాయి.

"అమ్మాయ్, కిటికీ నా నెత్తి మీదుందేం?"

"కొలిచే పెట్టాను అత్తయ్యా."

"ఏం కొలిచావో. టికెట్టు కొనుక్కున్నది గోడ చూడ్డానికా?"

వదిన గింజలు మళ్ళీ పేర్చింది. కిటికీ ఎత్తు సరిగ్గానే ఉంది. సీటూ సరిగ్గానే ఉంది. "మరి నిజంగానే గోడ కనిపిస్తుందేమో" అంది.

"అయితే జనం కిటికీ సీటు కోసం ఎందుకు కొట్టుకు చస్తారు? నువ్వెప్పుడైనా కూర్చుని చూశావా?"

"తుడిచేటప్పుడు వంగి చూశాను."

"వంగి చూసింది నాకొద్దు. ఒక్కసారి కూర్చుని చూసి రా. ఏం కనిపిస్తే అది చెప్పు. గోడైతే గోడే. ఉత్తుత్తి ఆకాశం మాత్రం పెట్టకు నాకు."

అడిగింది చిన్న సంగతే. కానీ షెడ్డు గోడ మీద ఒక బోర్డుంది: శుభ్రం చేయువారు సీట్లలో కూర్చోరాదు. దుమ్ము కూర్చోవచ్చు, దులిపేవాళ్ళు కూర్చోకూడదు. అది రాసినవాడు ఒక్క పూటైనా నిలబడి అన్నం తిని ఉండడు. వీళ్ళు రోజూ మెట్ల పక్కన నిలబడే డబ్బాలు విప్పుతారు. చెప్పు తెగి సీటు అంచున ఆనుకున్న ఒకమ్మాయిని మర్నాడు గేటు దగ్గరే ఆపేశారు. అదేమని అడిగితే, కాంట్రాక్టు మనుషులకి కారణాలు చెప్పనక్కర్లేదన్నారు.

తనతో పనిచేసే పెద్దక్కతో వదిన సంగతంతా చెప్పింది.

"పిచ్చా నీకు? అగ్గిపుల్ల కోసం కొంప అంటించుకుంటావా?"

"మా అత్తయ్య కోసం."

"మీ అత్తకి కళ్ళు లేవు, నీకు బుర్ర లేదు. మంచి జోడీ!" అని పెద్దక్క నాలుగడుగులు వేసి, వెనక్కొచ్చింది. "మెత్తలు బిగించాక కూర్చో. తలుపు దగ్గర నేనుంటాలే."

ఆ మధ్యాహ్నం మెత్తలు తిరిగొచ్చాయి. విమానంలో సబ్బు వాసన, బట్టల వాసన. వదిన చేతిలోని గుడ్డ నేల మీద పెట్టి, పెద్దవాళ్ళింట్లో కూర్చున్నట్టు అంచున కూర్చుంది. తర్వాత వెనక్కి జారింది.

మొదట సీటు ఆమెను మింగింది. ఆ వెంటనే పైకెత్తింది. "అయ్యో, మెత్త!" అని నోరు మూసుకుని నవ్వింది. ఇన్నేళ్ళూ ఆవిడ చేతికి దొరికిన సీటంటే ఎముకలే. మెత్తలు ఊడదీసిన చట్రానికే జాన వేసింది, ఆ ఎముకల మీదే పాపం అత్తయ్యని కూర్చోబెట్టింది. మనుషులు కూర్చునే భాగం ఆవిడ లెక్కలోకే రాలేదు.

అప్పుడు తల తిప్పింది. కిటికీ సరిగ్గా కళ్ళ ఎదుట ఉంది.

షెడ్డు తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. రెక్క బయటి ఎండలోకి సాగి, కొసన కాస్త పైకి వంగి, ఎవరికో అందివ్వడానికి చాచిన చెయ్యిలా ఉంది. దాని మీదుగా మబ్బు నీడ ఒకటి నడిచిపోయింది. నీడ కదిలిందో, విమానం కదిలిందో! దూరాన గడ్డి, గడ్డి మీద వణికే ఎండ, ఆ వణుకులో చెట్లు నీళ్ళ మీద ఉన్నట్టు తేలుతున్నాయి. ఆవిడ ఒంట్లోంచి బరువు ఒక్కొక్క కీలూ వదిలి దిగిపోయింది. నేల ఎక్కడో కిందుంది. ఆవిరి, దారాలు, దూలం, అత్తయ్య వేళ్ళు, అన్నీ మెల్లగా కిందికి వెళ్ళిపోతున్నాయి.

పెద్దక్క గట్టిగా దగ్గింది. వదినకి వినపడలేదు.

"బాగుందా మేడమ్? టీ ఏమన్నా తెమ్మంటారా?" ఎదురుగా సూపర్‌వైజరు. మెడలో ఈల వేలాడేసుకు తిరుగుతాడు గనక అందరూ ఈల సారంటారు.

వదిన లేచింది. "ఒక్క నిమిషం సార్. మా అత్తయ్యకి..."

"మీ అత్తయ్యకే చెప్పుకో. రేపు గేటు దాకా రానక్కర్లేదు."

మర్నాడు వదిన గేటు దాకా వెళ్ళింది. కార్డు లాక్కున్నారు. వెనక్కి తిరిగేసరికి, లోపలికి వెళ్ళాల్సిన పెద్దక్క గేటు ముందు కొంగు దులిపి నేల మీద కూర్చుంది. పక్కన ఇంకొకావిడ, ఆ వెనక ఇంకొకావిడ. కాసేపటికి మొత్తం గుంపు కూర్చుంది.

ఈల సారు ఈల ఊదాడు. "ఏంటిది? లేవండి!"

"ఇది సీటు కాదు సార్, నేల" అంది పెద్దక్క. "దీనిమీద కూర్చోకూడదని బోర్డెక్కడుందో చూపించు, లేస్తాం."

"విమానం వెళ్ళాలి అక్కడ!"

"వెళ్ళనీ. మేమేమన్నా రెక్క పట్టుకున్నామా?"

లోపల విమానాల్లో దుమ్ము కూర్చునే ఉంది. ఎండ నెత్తికెక్కే వేళకి పై ఆఫీసు నుంచి ఎవరో వచ్చి, ఈల సారుతో పక్కకెళ్ళి మాట్లాడి, వదిన కార్డు వదినకి ఇచ్చారు. క్షమించమని ఎవరూ అనలేదు. బోర్డు ఇంకా అక్కడే ఉంది. అన్నాలు మాత్రం ఆ రోజు మెట్ల మీద కూర్చుని తిన్నారు. ఈల సారు చూసి, వేరే వైపు చూశాడు. ఆ బోర్డు దిగేదాకా ఇలా కూర్చుంటూనే ఉండాలి, వేరే దారి లేదు.

సాయంత్రం వదిన గిన్నెలు తోమే స్పాంజిని బ్లేడుతో సన్నగా చీల్చి, సీటుకో ముక్క అంటించింది. మెత్త మీద అత్తయ్యని కూర్చోబెట్టింది. అత్తయ్య వేలు తల మీద నుంచి పక్కకి జరిగి, నేరుగా కిటికీలోకి వెళ్ళింది.

"ఇప్పుడు చెప్పు. గోడా?"

"కాదు అత్తయ్యా." వదిన రెక్క చెప్పింది, మబ్బు నీడ చెప్పింది, నీళ్ళ మీదున్నట్టు తేలే చెట్లు చెప్పింది. కింద ఇస్త్రీ పెట్టె బుస్సుమంది. ఆవిరి పైకొచ్చి విమానం చుట్టూ పరుచుకుంది. అత్తయ్య మొహం కిటికీ ఉన్న వైపుకే తిరిగి ఉంది. చాలాసేపు ఇద్దరూ ఎక్కడున్నారో ఇద్దరికీ తెలీదు.

తర్వాత అత్తయ్య వేళ్ళు పక్క సీటు తడిమాయి. ఖాళీ. నడవలోకి వెళ్ళాయి. అక్కడ తగిలింది, చేతిలో నూలుపోగుతో నిటారుగా నిలబడ్డ పుల్ల.

"ఇదెవరు?"

"నేనే."

"నువ్వింకా నించునే ఉన్నావేమే?"

అత్తయ్య పుల్లని పైకి తీసి, నడుం చోటు వేలితో చూసుకుని, ఫ్యాక్టరీలో పనిచేసిన ఆ బొటనవేలితో టక్కున విరిచింది. తన పక్క సీట్లో, మెత్త మీద, కూర్చోబెట్టింది.