షాబాదు బండలో ఆకు

నా చిన్నప్పుడు ఉప్పల్‌లో మా ఇంటి చుట్టూ ఇళ్లకంటే బండరాళ్లే ఎక్కువ. రాళ్లలో పూర్వకాలపు ఆకులూ నత్తలూ దొరుకుతాయని బడిలో విన్నప్పటి నుంచి నాకదే పిచ్చి. నాచారం దాకా నడిచిపోయి, కనబడిన ప్రతి రాయినీ లంగా ఒడిలో వేసుకుని వచ్చేదాన్ని. పక్కింటి అక్క యూనివర్సిటీలో ఈ రాళ్ల చదువే చదివేది. నేను తెచ్చినవన్నీ చూసి, “ఇవన్నీ నిప్పుల పుట్టిన రాళ్లు చెల్లె. గీటిల ఆకులు ఏడికెళ్లి వస్తయి?” అని నవ్వేది. నాకు ఒళ్లు మండేది.

ఒకరోజు మా వరండాలో పరచడానికి షాబాదు బండలు వచ్చాయి. దింపుతుంటే ఒకటి పగిలి రెండు పొరలుగా విడిపోయింది. లోపల లేత రంగు రాతి మీద నల్లటి ఆకు! కొమ్మలూ రెమ్మలూ ఎవరో సన్నటి కలంతో గీసినట్టున్నాయి. నేను పెట్టిన కేకకు మా తాతయ్య పరుగెత్తుకొచ్చాడు.

తాతయ్య రైల్వేలో పనిచేసి రిటైరైన మనిషి. ఆయన మాట తప్పు కావడం మేమెవరం ఎరగం. ఆయనకు రైలు అందకపోతే, రైలే ముందు వెళ్లిపోయినట్టు లెక్క. “లక్షల ఏండ్ల కిందటి ఆకు, నా మనుమరాలికి దొరికింది” అని ఆయన తేల్చేశాడు. వీధంతా తిరిగి, ఆదివారం సాయంత్రం వచ్చి చూడమని అందరినీ పిలిచి వచ్చాడు. ఆ రెండు రోజులూ నేను నేల మీద నడవలేదు.

ఆదివారం మధ్యాహ్నం అక్క వచ్చింది. భూతద్దం పెట్టి అంచు నుంచి అంచు దాకా చూసింది. తర్వాత మెల్లగా, “తాతా, ఇది ఆకు గాదు” అంది. ఆకుకు ఈనె ఉండాలట, ఇందులో లేదు. కొమ్మలన్నీ పగులు అంచు నుంచే మొదలయ్యాయి. పగుల్లోకి దిగిన నీళ్లలోని నల్లటి ఖనిజం అలా పాకిందట. తాతయ్య ముఖం ఎర్రబడింది. “నిన్నమొన్న కాలేజీల చేరిన పిల్లవు, నాకు జెప్తవా?” అన్నాడు.

అక్క భూతద్దం పక్కన పెట్టింది. అమ్మనడిగి కాటుక, ఆముదం తీసుకుని కలిపింది. పాత పటాల్లోంచి తీసిన రెండు అద్దాల మధ్య ఆ ముద్ద పెట్టి నొక్కి, మెల్లగా విడదీసింది. అద్దం మీద ఆకు మొలిచింది! అచ్చం మా బండలో ఉన్నదానిలాంటిదే. చెట్టు లేదు, విత్తనం లేదు, ఆముదంలోంచి ఆకు! తాతయ్య అద్దాలు లాక్కుని తానే చేసి చూశాడు. మళ్లీ ఆకే వచ్చింది. ఆయన లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

“ఈ ఒక్కదినం ఊకో బిడ్డా, ఆయన ఇజ్జత్ పోతది” అని అమ్మ అక్కను బతిమాలింది. అక్క సరేనంది. నాకు ఏడుపు ఆగలేదు. ఆకు పోయిందన్న బాధకంటే, వీధంతా వచ్చి తాతయ్యను చూసి నవ్వుతారన్న భయమే ఎక్కువగా ఉంది.

సాయంత్రానికి వాకిలి నిండింది. తాతయ్య ఉతికిన ధోవతి కట్టుకుని బయటికొచ్చాడు. ఒక చేతిలో బండ, ఇంకో చేతిలో ఆ అద్దాలు. అందరి ముందూ కాటుకతో ఆకును మొలిపించి, “మీకు నేను తప్పు జెప్పిన. ఇది ఆకు గాదు. నాకు తెల్వదు, ఈ పిల్లకు తెలుసు. అడుగుండ్రి, చెప్తది” అంటూ అక్కను ముందుకు పిలిచాడు.

నేను అమ్మ కొంగు పట్టుకుని కొయ్యబారిపోయాను. అద్దం మీద ఆకు మొలిచినప్పుడు కూడా అంత అదిరిపోలేదు. మా తాతయ్య నోట ఆ మాటా! వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. తాతయ్యా నవ్వేశాడు.

ఆ తర్వాత చాలా రాళ్లు ఏరాను. నిజమైన శిలాజాలూ కొన్ని దొరికాయి. ముందు ఈనె ఉందా అని వెతకడం అక్క చలవే. ఇక మా పిల్లల ముందు నా మాట తప్పు అని తేలినప్పుడు ఇప్పటికీ నా ముఖమూ ఎర్రబడుతుంది, ఆ రక్తమే కదా. కాసేపటికి, అందరికీ వినబడేలా, తప్పు చెప్పానని చెప్పేస్తాను. ఆ మాట అనడానికి తాతయ్యకు ముసలితనం దాకా పట్టింది. నన్ను మాత్రం ఆయన అంతదాకా ఆగనివ్వలేదు.